కోసేసిన దగ్గు

దండం పెట్టే కార్మికుణ్ని తెర మీద చూసి మీరు ఎన్నిసార్లు చప్పట్లు కొట్టారు?

తెలంగాణ రాష్ట్రం రాకముందు, లెబనాన్‌లో పుట్టిన ఒక ఫ్రెంచి దర్శకురాలికి దుబాసీగా బెజవాడ నుంచి గోదావరిఖని వెళ్లాను. యుద్ధంలో ప్రార్థనలు చేసే తన ఊరివాళ్ల మీద సినిమా తీసి ఆమె పేరు తెచ్చుకుంది. ఇక్కడ, బొగ్గుబాయిలోకి దిగేముందు మైసమ్మకు మొక్కే కార్మికులను తీస్తోంది.

రాజన్న అనే కార్మికుడు మొక్కుతూ దగ్గాడు. దగ్గకుండా మళ్లీ మొక్కమని ఆమె నా చేత చెప్పించింది.

"దగ్గు తగ్గాలనే గద అన్నా మొక్కేది. అదే వద్దంటె ఎట్ల?" అని రాజన్న నవ్వాడు.

ఆ మాట ఆమెకు చెప్పాను. "మా ఊరి సినిమాలోనూ ఏడుపులు కోసేసి ప్రార్థనలే ఉంచాను. బహుమతులు వాటికే వచ్చాయి" అంది.

పూర్తయిన సినిమాలో రాజన్న దండం ఉంది, దగ్గు లేదు.

ఈసారి చప్పట్లు ఆపండి. దగ్గు ఎందుకు కోశారని లేచి అడగండి.