గట్టిపడకముందే వేసిన మోటారు

ఫిల్మ్‌నగర్‌లో ఒక పాత అపార్ట్‌మెంటు సెల్లార్‌లో, సంపు నుంచి పై ట్యాంకుకి వెళ్ళే ఇనుప పైపు తుప్పు పట్టి పల్చబడింది. పైపు మార్చకుండా, జిగురులో తడిపిన ఫైబర్ గుడ్డ చుట్టి బాగుచేయడం నా పని. ఆ పైపుకి జానెడు దూరంలోనే కరెంటు మీటర్ల బోర్డు ఉంది.

రెండు గంటలు మోటారు వేయొద్దని వాచ్‌మన్‌కి చెప్పి గుడ్డ చుట్టాను. గంట తర్వాత గట్టిపడిందేమో చూద్దామని చెయ్యి వేస్తే పైపు వణికింది. మెత్తటి గుడ్డ ఉబ్బి, అంచులోంచి నీళ్ళు బోర్డు వైపు చిమ్మాయి. రెండు చేతులతో అదిమిపట్టాను. వదిలితే బోర్డు తడుస్తుంది, వదలకపోతే ఈ తడి చేతుల్లోంచి కరెంటు నాకే కొడుతుంది.

"మోటారు ఆపండి!" అని అరిచాను.

"పైనోళ్ళు నీళ్ళు లేవని ఒకటే లొల్లి సార్!" అంటూనే మెట్ల పైనున్న స్విచ్చి ఆపేశాడు వాచ్‌మన్.

గుడ్డంతా ఊడదీసి మళ్ళీ కొత్తది చుట్టాను. ఈసారి ఫ్యూజు పీకి జేబులో పెట్టుకున్నాను. రెండు గంటలయ్యాక నేను మెట్ల పైన ఫ్యూజు పెట్టి మోటారు వేస్తే, వాచ్‌మనే కిందికి దిగి చూశాడు.

"జరంత గూడ తడి లేదు, రాండి సార్" అన్నాడు.

నేను మెట్ల పైనే, స్విచ్చి మీంచి చెయ్యి తీయకుండా నిలబడ్డాను.