యాదగిరి సార్ గొంతు ఉన్న డిస్క్

2023 ఎండాకాలం. నాచారంలో టైర్ల దుకాణం పక్కన నాదొక కంప్యూటర్ రిపేరు షాపు. కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నలభై ఏళ్లుగా పనిచేస్తున్నవాణ్ని. ఉప్పల్ నుంచి హబ్సిగూడ దాకా ఇంట్లో సర్వర్ పెట్టించాలంటే నా పేరే చెబుతారు. నా చేతిలో ఇంతవరకూ ఒక్క ఫైలు పోలేదు. ఆ రోజు విజయమ్మతో కూడా ఇలాగే చెప్పాను.

విజయమ్మ వాళ్లది రామంతాపూర్. ఆమె భర్త యాదగిరి సార్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. గొంతు కేన్సర్‌తో ఆయన స్వరపేటిక తీసేయాల్సి వచ్చింది. ఆపరేషన్‌కు ముందు మూడు వారాల పాటు తన మాటలు తానే రికార్డు చేసుకున్నారు. ఎక్కాలు, పద్యాలు, పప్పులో ఉప్పెక్కువైందన్న సణుగుడు, ఏదీ వదల్లేదు. రెండు వందల పైచిలుకు ఫైళ్లు, ఒకే ఒక్క డిస్క్‌లో ఉన్నాయి.

"ఇది కింద పడ్తే సార్ గొంతు మల్ల ఎవలిస్తరన్నా? నాకదే ఫికరు," అంది విజయమ్మ.

"జర నిమ్మలంగుండు చెల్లె. ఫైల్ సర్వర్ పెడ్త. రెండు డిస్కులల్ల రెండు కాపీలుంటయ్. ఏ అర్రల కూసున్నా ఫోన్ల ఇనొచ్చు."

ఫైల్ సర్వర్ అంటే పెద్ద వింతేమీ కాదు. ఫైళ్లన్నీ ఒకచోట దాచి, వైఫై మీద ఇంట్లోని ఫోన్లకు అందించే పెట్టె. పాత సీపీయూ ఒకటి వాళ్లింటికి తీసుకెళ్లి, దాన్ని నడపడానికి ఎస్ఎస్‌డీ అనే చిన్న డిస్క్‌లో లినక్స్ వేశాను. కాపీ కోసం సార్ డిస్క్‌లాంటిదే, అదే సైజు కొత్త డిస్క్ కొన్నాను. రెండూ పక్కపక్కన పెడితే కవల పిల్లలే.

లినక్స్ ప్రతి డిస్క్‌కూ ఒక పొట్టి పేరు పెడుతుంది. కొత్తది ఎస్‌డీబీ, సార్‌ది ఎస్‌డీసీ అని చూసి కాగితం మీద రాసుకున్నాను. ఒక వైరు వదులుగా ఉందని మెషీన్ ఆపి, బిగించి, మళ్లీ ఆన్ చేశాను. రీస్టార్ట్ అయితే ఆ పేర్లు తారుమారు కావచ్చు. అందుకే డిస్క్ మీది సీరియల్ నంబర్ చూడాలి. నేను కాగితం చూశాను.

డిస్క్‌ను తుడిచి సిద్ధం చేసే ఫార్మాట్ కమాండ్‌ను ఎస్‌డీబీ పేరు మీద కొట్టాను. "ఇందులో ఇప్పటికే ఫైల్ సిస్టమ్ ఉంది, అయినా చేయమంటావా?" అని మెషీన్ అడిగింది. కొత్త డిస్క్ అయితే ఖాళీగానే ఉంటుంది, ఆ ప్రశ్నే రాదు. అప్పుడు నేను విజయమ్మకు నా గొప్పలు చెప్పుకుంటున్నాను. మాట ఆపకుండానే 'వై' నొక్కేశాను.

కాపీ చేద్దామని సార్ డిస్క్ తెరిస్తే ఖాళీగా కనిపించింది. అప్పుడు సీరియల్ నంబర్ చూస్తే, నేను ఫార్మాట్ చేసింది సార్ డిస్క్‌నే. వెంటనే కరెంటు ప్లగ్ పీకేశాను. ఆ రోజు నేను చేసిన సరైన పని అదొక్కటే. ఎదురు కుర్చీలోంచి సార్ కాగితం మీద "అయిందా?" అని రాసి చూపించారు.

"డిస్క్ వేడెక్కింది సార్. షాపుకు తీస్కపోయి సూస్త," అన్నాను.

విజయమ్మ దాన్ని మెత్తటి తువ్వాలులో చుట్టి నా చేతిలో పెట్టింది. షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. ఆ తువ్వాలులో ఒక మనిషి గొంతు ఉందో లేదో నాకే తెలియదు.

షాపులో మొదట ఆ డిస్క్‌ను ఉన్నదున్నట్టు ఇంకో డిస్క్‌లోకి దింపుకున్నాను. ఆ నకలు మీదే రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపాను. అది చెరిగిన డిస్క్‌ను అంగుళం అంగుళం గాలించి ఫైళ్ల ముక్కలు ఏరుతుంది. రెండో రోజు మధ్యాహ్నానికి మొదటి ఫైలు పలికింది: "పదమూడొకట్ల పదమూడు..." దాన్నే మూడుసార్లు పెట్టుకుని విన్నాను.

కానీ పేర్లన్నీ పోయి వట్టి నంబర్లు మిగిలాయి. ఏది ఏదో చెప్పగలిగింది ఆ ఇంటివాళ్లే. ఇక దాచడం కుదరక మళ్లీ రామంతాపూర్ వెళ్లాను.

"చెల్లె, డిస్క్ వేడెక్కలే. నేనే తుడిచేసిన."

"నలభై ఏండ్ల సంది జేస్తున్నన్నవ్ గదన్నా?" అంది విజయమ్మ.

"ఆరేండ్లే. గది గూడ వీడియోలు సూసి నేర్సుకున్న. నలభై ఏండ్ల కింద లినక్సే పుట్టలే. సర్వర్ కూడా మీదే మొదటిది."

సార్ కాగితం అందుకుని ఏదో రాసి నా ముందుకు నెట్టారు: "లెక్క చేసినంక సరిచూసుకోవాలని మీ సార్ చెప్పలేదా?"

నాలుగు రోజులు విజయమ్మ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఒక్కొక్కటే విని పేర్లు పెట్టింది. ఇప్పుడు కాపీలు మూడు. రెండు సర్వర్లో, ఒకటి ఏఎస్ రావు నగర్‌లో ఆమె చెల్లెలింట్లో.

ఈ కేసు నాకు నేర్పింది ఇదీ: ఒకే కాపీ ఉన్న డిస్క్‌తో ఏ పనైనా మొదలుపెట్టే ముందే దాని నకలు తీయాలి. ఫార్మాట్ చేసేటప్పుడు సీరియల్ నంబర్ చూడాలి, నోరు మూసుకోవాలి. నా అదృష్టం, యాదగిరి సార్ ఫైళ్లన్నీ తిరిగొచ్చాయి.

పత్రికకు పంపే ముందు ఇదంతా విజయమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. చివరిదాకా విన్నది.

"అన్నీ రాలేదన్నా. పదకొండు రాలే. దవాఖానాకు పోయే పొద్దున 'విజయా, తాళమేసినవా?' అన్నడు సూడు, అది రాలే. రాస్తే గది గూడ రాయి."