రేసు బండి మీద అమ్మ

మా ధవళేశ్వరంలో కొందరు నన్ను ఇప్పటికీ "లండన్ ప్రసాదు" అంటారు. నేను విజయవాడ దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్లినవాణ్ణి కాదు. ఆ బిరుదు తెచ్చిపెట్టిన ఘనకార్యాన్ని ఈరోజు మీ ముందు ఒప్పుకుంటున్నాను. అందులో ఒక బండి పాడైంది, ఒక పెద్దమనిషి నడుం పట్టేసింది, నా పరువు మైలున్నర పొడవునా కాలవగట్టు మీద ఒలికిపోయింది. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. ఆనాడు ఊరంతా నవ్వింది, మా నాన్నగారు తప్ప.

ఎనభైల మొదట్లో సంగతి. నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు, తెలివి మాత్రం పొంగిపొర్లుతోంది. నాన్నగారు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. చర్చి దాకా నడవలేక ఆమె ఆదివారాలు ఇంట్లోనే ఉండిపోతోందని నాన్నగారు ఒక పాత చిన్న మోటార్ సైకిల్ కొన్నారు. వారానికోసారి అమ్మ దాని వెనక పక్కకి తిరిగి కూర్చుని, ఒక చేత్తో బైబిలు, ఇంకో చేత్తో నాన్నగారి భుజం పట్టుకుని చర్చికి వెళ్లేది. ఆ బండి ఉన్నదే అందుకు. ఆ సంగతి నాకు తెలియదా అంటారా? తెలుసు. అదే కదా నా ఏడుపు.

రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లో ఒక ఇంగ్లిషు పత్రిక నా కంటపడింది. లండన్ కుర్రాళ్లు మామూలు బళ్లని రేసు బళ్లలా మార్చుకుని, ఒక కాఫీ హోటల్ నుంచి ఇంకో కాఫీ హోటల్‌కి పందెం వేసుకునేవారట. హ్యాండిల్ బాగా కిందికి ఉంటుంది, సీటు ఒక్కరికే, దాని వెనక చిన్న మూపురం. కాఫీ హోటళ్లు మనకి మాత్రం లేవా అనిపించింది. సరిగ్గా అప్పుడే నాన్నగారు పదో తరగతి పేపర్లు దిద్దడానికి వారం రోజులు కాకినాడ వెళ్లారు.

బండి తీసుకెళ్లి మెకానిక్ సత్తిబాబుకి బొమ్మ చూపించాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇలాంటి హ్యాండిల్ ఇక్కడ దొరకదండి."

"ఉన్నదాన్నే తలకిందులుగా బిగించు."

"మరి ఈ మూపురమో?"

ఇంట్లోంచి ఎత్తుకొచ్చిన సత్తుగిన్నె సంచిలోంచి తీశాను. సత్తిబాబు దాన్ని సగానికి కోసి, నల్లరంగు పూసి, సీటు వెనక బిగించాడు.

"చీర గార్డు కూడా విప్పెయ్యమంటారా?"

"బరువు దండగ. విప్పెయ్."

"ఇహ వెనక ఎవరూ ఎక్కరా అండి?"

"రేసులో వెనక ఎవరుంటారు సత్తిబాబూ!"

చేతిలో డబ్బు లేదు కనక, విప్పిన సామానంతా కూలి కింద అతన్నే ఉంచుకోమన్నాను. రెండ్రోజుల్లో మా పొడుగు సీటు ఎవరి బండి మీదో జంగారెడ్డిగూడెం వెళ్లిపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు ఉన్న సీటు ఊడింది.

అమ్మ గుమ్మంలోంచే చూసింది.

"ప్రసాదూ, అది నా పులుసు గిన్నె కదూ?"

"ఎలా పోల్చావమ్మా?"

"ఆ సొట్ట నేను పెట్టిందేరా."

దగ్గరికొచ్చి, ఇదివరకు తను కూర్చునే చోట, ఆ మూపురం మీద ఒకసారి చెయ్యి పెట్టి చూసింది. లోపలికి వెళ్లిపోయింది. అప్పటికీ నాకు బుద్ధి రాలేదు.

శనివారం సాయంత్రం నాన్నగారు దిగారు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగారు, పరీక్ష హాల్లో తిరిగినట్టు.

"సీటేదిరా?"

"ఇదేనండి, నాన్నగారూ."

"ఇది నాది. మీ అమ్మదేది?"

ఆయన కేకలేస్తే బాగుండేది. కాళ్లు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

తెల్లారగానే అన్నాను, "రిక్షా పిలుచుకొస్తానండి."

"ఎందుకూ? మనకి బండి ఉందిగా," అన్నారు నాన్నగారు. ఇస్త్రీ పంచె, తెల్లచొక్కా వేసుకుని బండి బయటికి తీశారు. "ఎక్కవే," అన్నారు అమ్మతో.

అమ్మ ఆ ఒక్క సీటు మీద పక్కకి తిరిగి కూర్చుంది. నాన్నగారు ఇంజను స్టార్ట్ చెయ్యలేదు. హ్యాండిల్ పట్టుకుని తోయడం మొదలుపెట్టారు. బైబిళ్లు, పాటల పుస్తకం మోసుకుంటూ వాళ్ల వెనక నేను.

హ్యాండిల్ అంత కిందికి ఉంటే తోసే మనిషి నడుం వంచక తప్పదు కదండీ. ఎదురొచ్చినవాళ్లంతా మాస్టారు తమకే వంగి దణ్ణం పెడుతున్నారనుకుని కంగారుపడ్డారు. "అయ్యో, వందనాలండి మాస్టారూ!" అంటూ వాళ్లు ఇంకా కిందికి వంగారు. నాన్నగారు ఏ ఒక్కరికీ కారణం చెప్పలేదు. నేను తోస్తానని నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ వినపడనట్టే నడిచారు. మైలున్నరా అలాగే సాగింది, శవపేటిక బండికి కూడా అంత గాంభీర్యం ఉండదు.

చర్చి గేటు దగ్గర పాస్టరుగారు ఎదురొచ్చారు. "ఏం మాస్టారూ, పెట్రోలు అయిపోయిందా?"

నాన్నగారు మెల్లగా నడుం నిలబెట్టుకున్నారు.

"పెట్రోలు నిండుగా ఉందండి అయ్యగారూ. సీటే అయిపోయింది."

అందరూ నావైపు చూశారు. అమ్మ మాత్రం నా భుజం పట్టుకుని దిగుతూ, "ఇన్నాళ్లూ మీ నాన్నగారి వీపే చూశానురా. రోడ్డు చూడ్డం ఇదే మొదలు," అంది. ఆ మాటకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తిరుగు ప్రయాణంలో బండి తోసింది నేను. జంగారెడ్డిగూడెం వెళ్లి ఆ సీటు కాళ్లావేళ్లా పడి తెచ్చేదాకా, ఇంకో మూడు ఆదివారాలూ తోసింది నేనే. కనక సర్వజనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: నా ఒంట్లో ఊపిరి ఉండగా, వెనక కూర్చునే మనిషిని అడగకుండా ఏ బండి మీదా స్పానరు పెట్టను. పులుసు గిన్నె జోలికి అసలే పోను.