ఇరవై ఎనిమిదో నిమిషం

డైవింగ్ లాగ్‌లో నేను ఒక అంకె తప్పు రాశాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా డైరీలో ఆ అంకె సరిగ్గానే ఉంది. రెండు పుస్తకాలూ నా చేతిరాతే.

మే నెల. పొద్దున్న అయిదూ నలభైకి దుర్గ్ స్టేషన్‌లో దిగాం. నేవీ డైవింగ్ టీం, పదకొండు మంది. సామాను: రెండు కంప్రెసర్లు, మూడు హెల్మెట్లు, ఆరు వందల అడుగుల గాలి గొట్టం, పన్నెండు గాలి సంచులు. ప్రెషర్ ఛాంబర్ లారీ మీద వెనకాల వచ్చింది. నేను సబ్ లెఫ్టినెంట్‌ని, సామాను చూసే శాఖ. నన్నెప్పుడూ ఓడ మీదికి పంపలేదు. ఈ డ్యూటీ నేల మీద, పైగా మా భిలాయిలో. ఖుర్సీపార్‌లో మా ఇల్లు. నాన్న స్టీల్ ప్లాంటులో రిటైరయ్యారు. అక్కడి మనుషులతో మాట్లాడటానికి పనికొస్తానని పంపారు. మాట్లాడటానికి నన్ను పంపారంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

పని ఊరికి దూరంగా ఒక సున్నపురాయి గనిలో. గనిలో ఊరే నీళ్ళను తోడే పంపులు నీటి మీద తేలే ఒక ఇనుప పంటు మీద ఉండేవి. ఏప్రిల్ గాలివానకు పంటు తిరగబడి మునిగింది. లోతు ముప్ఫై ఎనిమిది మీటర్లు. జూన్‌లో వానలు పడేలోగా దాన్ని పైకి తేవాలి. ఓడలు లేపే మనుషులకు అది చిన్న పని. అందరూ అలాగే అనుకున్నారు.

గట్టు మీద నాలుగు గుడారాలు. నీడ లేదు. మధ్యాహ్నం నలభై అయిదు డిగ్రీలు. కంప్రెసర్ మూతను ముట్టుకుంటే చెయ్యి కాలేది. అడుగున మాత్రం చలి, చీకటి, మోకాలి లోతు సున్నపు బురద.

మా ముఖ్య డైవర్‌ని అందరం చీఫ్ అనేవాళ్ళం. శ్రీకాకుళం తీరంలో పల్లె. ఇరవై ఏళ్ళు నీళ్ళలోనే గడిపాడు. గనిలోకి మొదటిసారి తొంగి చూసి నా వైపు తిరిగాడు.

"ఏటి మేడమ్, మీ ఊరికి సముద్రం ఎప్పుడొచ్చినాది?"

నేను నవ్వాను. జవాబు సాయంత్రం డైరీ రాస్తుంటే తట్టింది.

నా పని గడియారం. డైవర్ పైనుంచి దిగిన గంట, అడుగు వదిలిన గంట, పైకి తేలిన గంట లాగ్‌లో రాయాలి. లోతులో పీల్చిన గాలి ఒంట్లో ఇంకిపోతుంది. గబుక్కున పైకొస్తే అది సోడా నురగలా పొంగి కీళ్ళలో, నరాల్లో ఇరుక్కుంటుంది. అందుకే దారిలో ఆగుతూ రావాలి. ఎక్కడ ఎంతసేపు ఆగాలో పట్టిక చెబుతుంది. పట్టికకు నేను రాసిన అంకె కావాలి. దిగినప్పటి నుంచి అడుగు వదిలేదాకా పట్టే కాలం బాటమ్ టైమ్. మా లోతుకు అది ఇరవై అయిదు నిమిషాలైతే ఒక్కచోట పది నిమిషాలు ఆగితే చాలు. అది దాటితే రెండుచోట్ల, మొత్తం ఇరవై ఒకటి.

మొదటి ఆదివారం చీఫ్‌ని ఇంటికి తీసుకెళ్ళాను. అమ్మ ఎండుచేపల పులుసు పెట్టింది.

"బాబూ, మా పిల్ల అక్కడేనా నోరిప్పుతాదేటి? ఇంట్లో అయితే గోడకున్న కేలెండర్ నయం."

"అలాగనకండి తల్లీ. అడుగున ఉన్నోడికి టైము సెప్పేది ఈవిడే. ఈవిడ పిలిస్తేనే నాను పైకొస్తాను."

నాన్న నవ్వుతూ కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

పన్నెండో రోజు పన్నెండు సంచులూ పంటుకు కట్టి గాలి నింపాం. పంటు ఒక పక్క లేచింది. రెండోది కదల్లేదు. మా టీం కమాండర్ లెక్క మళ్ళీ వేశారు. సరిగ్గానే ఉంది. మర్నాడూ అంతే. చీఫ్ గట్టు దిగి, దోసిలితో నీళ్ళు తీసి నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"సార్, ఇవి మంచినీళ్ళు."

కమాండర్ లెక్క కాగితం మళ్ళీ తీశారు. ఉప్పునీరు మోసినంత బరువు మంచినీరు మోయదు. నలభై టన్నుల దగ్గర ఒక టన్ను తేడా. పదకొండు మంది సముద్రం మనుషులం, అలవాటు కొద్దీ గనిలో సముద్రాన్ని లెక్కవేశాం. ఆ పైన బురద పట్టు. ఇంకో రెండు సంచులు తెప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పటికి అందరి పెదాలూ పగిలాయి. ఎవరూ జోకులు వేయడం లేదు.

పద్దెనిమిదో రోజు. కొత్త సంచులు కట్టడానికి పదీ పన్నెండుకు చీఫ్ దిగాడు. ఇరవయ్యో నిమిషంలో ఒక కంప్రెసర్ వేడెక్కింది. కమాండర్ అటు పరుగెడుతూ, అడుగున ఉన్న డైవర్‌తో మాట్లాడే ఫోన్ నా చేతిలో పెట్టారు.

"ఫోన్ తుమ్ సంభాలో. పచ్చీస్ పే ఊపర్ బులా లేనా."

ఇరవై అయిదుకు పైకి పిలవాలి. పిలిచాను.

"చీఫ్, ఇరవై అయిదు. పైకి రండి."

జవాబు రాలేదు. ఫోన్‌లో గాలి చప్పుడు. జవాబు వచ్చేదాకా పిలవడం నియమం. మళ్ళీ పిలిచాను. నా గొంతు నాకే వినబడలేదు. పది అడుగుల దూరంలో డైవర్ తాడు పట్టుకున్న సెయిలర్ ఉన్నాడు. అతన్ని కేకేస్తే పైకి రమ్మని గుర్తుగా నాలుగుసార్లు తాడు లాగేవాడు. గట్టు నిండా గని మనుషులు నిలబడి చూస్తున్నారు. వాళ్ళందరి ముందు కేక వేయడానికి సిగ్గుపడ్డాను. ఇంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు. ఆకుపచ్చ నీటి మీద ఆయన బుడగలు చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఆరు. ఇరవై ఏడు.

ఇరవై ఎనిమిదిలో ఆయనే అడిగాడు.

"మేడమ్, ఇంకా టైమవ్వనేదేటి?"

"పైకి రండి!" అని అరిచాను. అప్పుడు అందరూ నా వైపు చూశారు.

కమాండర్ తిరిగొచ్చారు. "బాటమ్ టైమ్?"

అడుగు వదిలిన గంట పదీ నలభై. పదీ ముప్ఫై ఏడు అని రాశాను. ఆయన పట్టిక మీద వేలు పెట్టి, ఒక్కచోట పది నిమిషాలన్నారు. చీఫ్ మూడు మీటర్ల లోతులో తాడు పట్టుకుని వేలాడాడు. నిజం చెప్పడానికి నాకు ఆ పది నిమిషాలూ ఉన్నాయి.

పదకొండూ యాభైకి పంటు లేచింది. ముందు బురద వాసన వచ్చింది. నీరు దిమ్మలా ఉబ్బింది. పంపుల గది నీలం రేకు కప్పు బయటపడింది. దాని మీద చేపపిల్లలు ఎగిరిపడుతున్నాయి. గని మనుషులు చప్పట్లు కొట్టారు. చీఫ్ మడత కుర్చీలో కూర్చుని కుడి భుజం రుద్దుకుంటున్నాడు.

"తిమ్మిరి," అన్నాడు.

పన్నెండున్నరకు ఆయన్ని, గాలి ఒత్తిడి పెంచి ఒంట్లో బుడగలు కరిగించే ఛాంబర్‌లో పెట్టారు. అయిదు గంటలు. గుండ్రటి అద్దంలోంచి నన్ను చూసి బొటనవేలు ఎత్తాడు. ఎడమ చేతిది.

నెల తరవాత, తీరంలో మెడికల్ బోర్డు కూర్చుంది. బల్ల మీద నా లాగ్ పెట్టారు. పట్టిక ప్రకారం పైకొచ్చిన మనిషికి ఇది రాకూడదన్నారు. వచ్చిందంటే ఆ ఒళ్ళు ఇక లోతుకు పనికిరాదన్నారు. ఇరవై ఎనిమిది అని ఉంటే తప్పు గడియారం మీద పడేది. ఆయన ఒంటికి ఇంకో అవకాశం ఇచ్చేవారు. నన్ను ఒకటే అడిగారు, ఇది నీ చేతిరాతేనా అని. అవునన్నాను. వినబడలేదన్నారు. మళ్ళీ అవునన్నాను.

చీఫ్‌ని స్టోర్స్‌లో వేశారు. మిగతా డైవర్లకు హెల్మెట్లు, తాళ్ళు అందించే పని. నా ఎదుట ఎప్పుడూ ఆ రోజు మాట ఎత్తలేదు. పొద్దున్నే బోటు వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మంలో నిలబడి చూసేవాడు.

మూడేళ్ళకు నా సర్వీసు కాలం ముగిసింది. భిలాయి వచ్చేశాను. ఇప్పుడు పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. వెనక బెంచీకి వినబడేలా చెబుతానని అమ్మకు ఆశ్చర్యం.

నేవీ వదిలి వచ్చేసే రోజు చీఫ్ స్టేషన్‌కు వచ్చాడు. నా ట్రంకుపెట్టె పైబెర్తు మీద పెట్టబోయాడు. కుడి చెయ్యి భుజం దాకా లేచి అక్కడే ఆగిపోయింది. ఆ చేతిని ఒక్క క్షణం ఎవరిదో అన్నట్టు చూశాడు. తరవాత ఎడమ చేత్తో తోశాడు. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ ఆ చెయ్యి అక్కడే ఆగి ఉంటుంది.

నేను నోరు తెరిచాను. మూడేళ్ళుగా డైరీలో కూడబెట్టుకున్న మాటలు. రైలు కూత వేసింది. ఆయన ప్లాట్‌ఫాం మీదికి దిగి కిటికీ ఊచ పట్టుకుని, ఆ రోజు అడుగు నుంచి ఇంకా టైమవ్వలేదా అని అడిగిన గొంతుతోనే అన్నాడు.

"ఆ రోజు మీరు పిలిసినారమ్మా. నాకు యినబడ్డాది. నానే పైకి రానేదు."