స్క్రిప్టులో లేని మాట

దయ్యాలు లేవు. పూనకాలు లేవు. వేదికలెక్కి గొంతు పోయేలా ఈ మాట చెప్పినవాణ్ణి, ఇప్పుడూ చెప్తాను. అందుకే ఇది నాకే మింగుడు పడదు.

మా అన్న చిల్లకూరు దగ్గర పొలంలో పాము కరిచి చనిపోయాడు. గూడూరు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన మనిషిని మంత్రగాడి చాప మీద పడుకోబెట్టారు. నేనెంత అరిచినా మావాళ్లు వినలేదు. ఆ చావు మీద నాటకం రాశాను. పాము కరిస్తే జనం ఆసుపత్రికి పోవాలి. అన్న తరఫున నేను తీర్చుకోగల పగ అదొక్కటే.

అన్న వేషం ఖాదర్‌ది. గూడూరులో నిమ్మకాయల వ్యాపారి. "మంత్రగాళ్లు లేకుంటే నా కాయలు ఎవురు కొంటారు సార్?" అని నవ్వేవాడు. కానీ మనిషిని దగ్గర చేసుకోనిదే ఏ వేషమూ కట్టడు. మా పొలంలో మోటారు షెడ్డు దగ్గర ఒక మధ్యాహ్నమంతా కూర్చుని వచ్చాడు. అన్న గురించి చెప్పమని నా వెంటపడ్డాడు.

"నటనకు సాధన చాలు. ఈ పూనకం ఎందుకయ్యా?" అన్నాను.

"పూనకం కాదు సార్. ఆయనెవురో తెలీకుండా ఉత్త చావు ఎట్ల చచ్చేది?"

నేను స్క్రిప్టు తప్ప ఏమీ ఇవ్వలేదు.

మా ఊళ్లో ప్రదర్శన. వదిన ముందు వరుసలో కూర్చుంది. స్క్రిప్టు ప్రకారం ఖాదర్ చాప మీద మాట లేకుండా చనిపోవాలి. అతను తల తిప్పి, తెర పక్కన నిలబడిన నన్ను చూశాడు.

"లాయరూ, మోటారు ఆపినావా? ఏడవబాక."

ఎప్పుడూ వాదిస్తానని అన్న నన్ను పిలిచే పేరు లాయరు. అది ఊరందరికీ తెలుసు, ఎవరైనా చెప్పి ఉండొచ్చు. మోటారు సంగతి ఏ రైతు నోటనైనా వస్తుంది. కానీ ఇవే మాటలు, ఇదే వరుసలో, చాప మీద అన్న నా చెవిలో గొణిగినవి. ఆఖరి మాటలు. వదినకు కూడా నేను చెప్పలేదు.

తర్వాత ఖాదర్‌ను నిలదీశాను. "నోటికొచ్చింది సార్. పొలం కాడ ఆయన్ని తలుచుకుంటా కూర్చున్నా, అంతే" అన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు.

ఈలోగా జనం అతని కాళ్ల దగ్గర కర్పూరం వెలిగించారు. మా అన్నే వచ్చి పలికాడట! మంత్రగాడి పొట్ట కొట్టడానికి రాసిన నాటకం అది. అందరికంటే ముందు దండం పెట్టింది ఆ మంత్రగాడే.

వదిన దండం పెట్టలేదు. దగ్గరికొచ్చి అడిగింది. "ఖాదరన్నా, ఆయన నాకేం చెప్పలేదా?"

ఖాదర్ నా వైపు చూశాడు. వేదికల మీద ఉరిమే నేను వంగి చాప చుట్టసాగాను.

అన్న మాటలు అతనికెలా అందాయో ఈనాటికీ తెలియదు. వదినకంటూ ఆ రోజు అన్న ఒక్క మాటా వదల్లేదన్నది మాత్రం నాకొక్కడికే తెలుసు.