చేపల కాటా మీద మనిషి

అలాస్కాలో చిన్న విమానం ఎక్కాలంటే ముందు కాటా ఎక్కాలి. నేను తిరిగిన సరస్సు రేవులో టికెట్టు ఎవరూ అడగరు, నీ బరువెంత అని అడుగుతారు. చెక్కల రేవు చివర ఒక కాటా ఉండేది. దాని మీద చేపల పెట్టెలు తూసేవాళ్ళు, అదే కాటా మీద మమ్మల్నీ తూసేవాళ్ళు. చేపలు బరువు విషయంలో అబద్ధం ఆడవు. నేను ఆడాను.

మొదటిసారి నూట యాభై పౌండ్లని చెప్పాను. కాటా నూట అరవై ఎనిమిది చూపించింది. ఆ పైన ఉన్నదంతా నా కోటు జేబుల్లో ఉంది: కందిపప్పు, చింతపండు, రెండు సీసాల గోంగూర పచ్చడి. సామాను తూస్తారని ఎవరో చెబితే తెలివిగా ఒంటి మీదికి ఎక్కించుకున్నాను. ఒంటిని కూడా తూస్తారని ఆ చెప్పినవాడు చెప్పలేదు.

నేను వంటవాణ్ణి. ఏడో తరగతిలో బడి మానేసి, కాకినాడలో ఒక టిఫిన్ హోటల్లో పిండి రుబ్బుతూ మొదలుపెట్టి, చివరికి యాంకరేజ్‌లో ఒక ఇండియన్ రెస్టారెంటు వంటింట్లో తేలాను. దాని యజమానికి అడవి మధ్యలో, సరస్సు ఒడ్డున ఒక లాడ్జి కూడా ఉంది. చేపలు పట్టే సరదా ఉన్నవాళ్ళు వేసవిలో అక్కడికి వస్తారు. రోడ్డు లేదు. ఉప్పయినా నేనయినా నీళ్ళ మీద దిగే విమానంలోనే చేరాలి.

ఆ మొదటి రోజు రేవు మీద ఒక అరవై ఏళ్ళావిడ రబ్బరు బూట్లేసుకుని, విమానం కింద ఉన్న పడవల్లాంటి కాళ్ళలోంచి చేతిపంపుతో నీళ్ళు తోడుతోంది. పనిమనిషి అనుకున్నాను.

"పైలట్ ఎప్పుడొస్తాడు?" అని అడిగాను.

"ఈ నీళ్ళు తోడడం అయ్యాక," అంది. తోడడం అయ్యాక ఆవిడే ఎక్కి ముందు సీట్లో కూర్చుంది.

"ఆ కాళ్ళు కారతాయా?"

"అన్నీ కారతాయి," అంది. అంతకు మించి ధైర్యం చెప్పే అలవాటు ఆవిడకి లేదు.

నా పక్క తలుపు గడియ ఊడకుండా గుడ్డపీలికతో కట్టి ఉంది. మబ్బు అడ్డం వస్తే ఆవిడ కిందికి దిగి, సిటీ బస్సు డ్రైవరు సందుల్లో దూరినట్టు, నది వెంట వంపులు తిరుగుతూ పోయేది. ఒకసారి స్టీరింగు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని శాండ్‌విచ్ పొట్లం విప్పింది. నాకు తెలిసిన దేవుళ్ళ పేర్లన్నీ మొదలుపెట్టాను. సగంలో ఉండగానే సగం శాండ్‌విచ్ నా చేతిలో పెట్టింది. భయానికి తినేశాను. అందులో ఏ మాంసం ఉందో ఇప్పటికీ తెలియదు, అడగలేదు కూడా. ఆవిడకి సెలవైన రోజు ఇంకో పైలట్ వచ్చేవాడు. అతను దారి పొడుగునా రెండు చేతులూ వదిలేసి, ఏ కొండ మీద ఎవరి విమానం కూలిందో గైడులా చూపించేవాడు. రెండుసార్లు అతనితో వెళ్ళాక ఆవిడ మోకాళ్ళే నయమనిపించింది.

ఒక ఆగస్టులో కాలిఫోర్నియాలోని శాన్ రామన్ నుంచి మనవాళ్ళు నలుగురు వచ్చారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు. అడవిలో పప్పుచారు దొరికేసరికి నన్ను నెత్తిన పెట్టుకున్నారు. "అన్నా, నీ చేతి ముద్ద తింటుంటే ఇంట్లో కూర్చున్నట్టుంది," అన్నాడు వాళ్ళలో గడ్డం ఉన్నతను. నేనూ పొంగిపోయి, దాచుకున్న పచ్చడి సీసా తీశాను. భోజనాల దగ్గర వాళ్ళ మాటలన్నీ గ్రీన్ కార్డుల గురించే. ఎవరి డేట్ ఎక్కడుంది, ఎవరి లాయరు వేస్ట్. నేను వడ్డిస్తూ విన్నాను. నాకూ ఒక దరఖాస్తు ఉందని అనలేదు. వంటవాడికి కూడానా అని ఎవరైనా అంటే వినాల్సొస్తుందని.

నిజానికి వాళ్ళు వెళ్ళే రోజే నేనూ యాంకరేజ్ వెళ్ళాలి. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో నా వేలిముద్రలు తీసుకుంటారు. ఆరేళ్ళు ఎదురుచూస్తే వచ్చిన పిలుపు అది. రాకపోతే దరఖాస్తు వదులుకున్నట్టేనని కాగితంలో రాసి ఉంది. యజమానికి ఫోను చేసి విమానంలో సీటు కూడా చెప్పించుకున్నాను.

లాడ్జి రేవులోనూ ఒక కాటా ఉంది. దాని మీద నలుగుర్నీ, నన్నూ, వాళ్ళ ఐదు పెట్టెల సాల్మన్‌నీ తూశాక ఆవిడ అంకెలు కూడుకుని తల అడ్డంగా ఊపింది. "నూట యాభై పౌండ్లు ఎక్కువ. మూడు పెట్టెలు దిగాలి, లేదా ఒక మనిషి దిగాలి. ఇవాళ ఇంకో ట్రిప్పు లేదు. మీరే తేల్చుకోండి."

"ఫిష్ వదిలేస్తే ఎలా రా? వీకెండ్ పార్టీకి అందర్నీ పిలిచేశాం," అన్నాడు ఒకతను.

"ఫేస్‌బుక్‌లో కూడా పెట్టేశా బ్రో," అన్నాడు ఇంకొకతను.

గడ్డం అతను నా వైపు తిరిగాడు. "అన్నా, నీకేమైనా అర్జెంటా?"

ఒక్క మాట చాలు. బయోమెట్రిక్స్ అంటే చాలు, భూమ్మీద ఆ నలుగురి కంటే బాగా అర్థమయ్యేవాళ్ళు లేరు. కానీ నా నోటి సంగతి నాకు తెలుసు.

"అర్జెంటేముంది బాబూ? గవర్నరు గారు భోజనానికి పిలిచారు. ఆయన ఇంకో రోజు తింటాడులే," అన్నాను.

నలుగురూ విరగబడి నవ్వారు. "అన్న సూపర్ రా! మనవాడే కదా, అర్థం చేసుకుంటాడు." నవ్వు ఆగేలోపు నా సంచి కిందికి దిగిపోయింది. అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను. "ఆ పెట్టెకి బెల్టు పెట్టండి, జారిపడుద్ది," అని వచ్చింది. నిజంగానే పెట్టారు. నా సీట్లో చేపల పెట్టె బెల్టు కట్టుకుని కూర్చుంది.

"నీకు పర్వాలేదా, కుక్?" అని ఆవిడ ఇంగ్లీషులో అడిగింది.

"నో ప్రాబ్లం," అన్నాను.

ఆ తరవాత మూడు రోజులు పొగమంచు దిగిపోయి సరస్సు అవతలి ఒడ్డు కూడా కనబడలేదు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నేను వేరే ఎవరికో ఆమ్లెట్లు వేస్తున్నాను.

నాలుగో రోజు ఆవిడ ఉల్లిపాయల మూటతో దిగింది. నా మొహం చూసి ఏమైందంది. కాగితం ఇచ్చాను. నిలబడే మొత్తం చదివింది.

"ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"అడిగారు. చెప్పాను."

"మీ భాషలో చెప్పావు. వాళ్ళు నవ్వారు. నవ్వారంటే ఏదో మంచి మాటే అయుంటుంది అనుకున్నాను."

అంతటితో ఊరుకోలేదు. బరువులు రాసుకునే ఫారం వెనక పెన్నుతో ఉత్తరం రాసింది: బరువు ఎక్కువై ఇతన్ని రేవులో వదిలేసింది నేనే, ఆ తరవాత మంచు వల్ల రాలేకపోయాను, ఇందులో ఇతని తప్పు లేదు. కింద సంతకం చేసి తన లైసెన్సు నెంబరు కూడా వేసింది. దాన్ని ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి పంపించాను.

ఆ వారమే గడ్డం అతను యజమానికి ఈమెయిల్ పెట్టాడు. పార్టీ ఫోటో, కింద ఒక ప్రశ్న: సాల్మన్ పులుసు చిక్కబడలేదు, అన్నని అడిగి చెప్పండి. నీళ్ళు తగ్గించి సన్నటి సెగ మీద మరగనివ్వమని చెప్పించాను. సలహా సరైనదే ఇచ్చాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

సెప్టెంబరు చివర లాడ్జి మూసే ముందు జవాబు వచ్చింది. తెచ్చింది ఆవిడే. నేను కవరు చింపేదాకా వంటింటి గుమ్మంలో నిలబడింది. చూపిన కారణం సరిపోదు, దరఖాస్తు మూసేశాం, కావాలంటే మళ్ళీ కొత్తగా పెట్టుకోవచ్చు.

"ఏం రాశారు?" అంది.

"చేపలు ముందెళ్ళడమే న్యాయమట," అన్నాను, ఈసారి ఇంగ్లీషులో.

ఆవిడ నవ్వలేదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని చదివి, మడిచి, బల్ల మీద పెట్టి, విమానం దగ్గరికి వెళ్ళిపోయింది. నవ్వింది నేనొక్కణ్ణే, కాస్త ఎక్కువసేపే.