పక్క మడిలో ఉమ్మి నురగ

సెప్టెంబరు ఆరు, సాయంత్రం నాలుగు. వాన తెరిపిచ్చింది. మా దీవిలో సిప్పీఘాట్ దగ్గర మా వరి మడి గట్టు మీద ఉన్నవాళ్లు: నేను, నా భార్య, పక్క మడి ఆసామి, ఒకరి మడికి ఒకరు వెళ్లి బదులు ఊడ్పులు చేసే ఆడవాళ్లు ముగ్గురు.

ఏడాది కిందట ఇదే గట్టు మీద ఈ ఆరుగురమే ఉన్నాం. అందుకే ఆరుగురినీ పోగు చేశాను. ఒక్కరు తగ్గినా ఇంకో రోజుకు వాయిదా వేసేవాణ్ణి.

అప్పట్లో నా భార్య పక్క మడి చూసి, పైరు భలే ఎదిగిందని మెచ్చుకుంది. దిష్టి తగలకూడదని మన అలవాటు ప్రకారం ‘థూ థూ’ అంది. ఉత్త శబ్దమే, పెదవి కూడా తడవలేదు. వారం తిరక్కుండా ఆ మడిలో కుదుళ్ల మీద తెల్లటి నురగ లేచింది, అచ్చం ఎవరో ఉమ్మినట్టు. ఆకులు పసుపు తిరిగాయి. ఆ ఆసామి ఈ ముగ్గురి ముందే నా భార్య వైపు వేలు చూపించాడు. ఆ రోజు నుంచి ఆ ముగ్గురూ ఆవిడను ఊడ్పులకు పిలవలేదు. నలుగురితో కలిసి మడిలో దిగడమే ఆవిడకు పండగ. ఏడాది ఇంట్లోనే కూర్చుంది.

ఓడ టిక్కెట్ల కౌంటర్లో పనిచేసినన్నాళ్లూ, రిటైరయ్యాకా నేను డైరీ మానలేదు. అతనన్న మాట ఉన్నదున్నట్టు రాసుకుని, ఆ పేజీలో వేపాకు పెట్టాను.

ఈసారి ఊడ్పులయ్యాక నురగ మా మడిలోనూ కనిపించింది. ఒక దుబ్బు పీకి వ్యవసాయ క్షేత్రంలో పనిచేసే తెలిసినాయనకు చూపించాను. నురగ లోపల పురుగు పిల్ల ఉంటుందట. రసం పీలుస్తూ, తన ఒంట్లోంచే నురగ తీసి కప్పుకుంటుందట. వీటిలో రకాలున్నాయని, కొద్దిగా ఉంటే చేత్తో తీసేస్తే చాలని చెప్పాడు. నా మడి శుభ్రం చేసుకున్నాను. పక్క మడిలో నురగ పెరుగుతుంటే పది రోజులు చూస్తూ ఊరుకున్నాను. చెప్పాలనిపించలేదు.

ఆరో తేదీ సాయంత్రం గట్టు మీద అందరి ముందూ డైరీ తెరిచి చదివాను: “ఈ దీదీ నోట్లో విషం ఉంది. మళ్లీ నా గట్టు ఎక్కొద్దు.”

“అరే ఛోడో అన్నా, పాత బాత్ ఎందుకిప్పుడు?” అన్నాడతను.

“ఏడాదిగా ఈవిడ నీ గట్టెక్కలేదు. మరి ఈ ఏడు ఎవరు ఉమ్మారు?”

నేను వంగి అతని మడిలోంచే ఒక నురగ ముద్ద తీశాను.

“చెయ్యి చాపు.”

అరచేతిలో పెట్టి నురగ తుడిచాను. లేత పసుపు రంగు పురుగు ఒకటి, బియ్యపు గింజంత, మెల్లగా పాకింది. ఆడవాళ్లు ముగ్గురూ తలలు వంచి చూశారు.

“ఇదిగో బాబూ, ఉమ్మిన దీదీ నీ చేతిలోనే ఉంది. దండం పెట్టుకో,” అంది ముగ్గురిలో పెద్దావిడ. మిగతా ఇద్దరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

“గలతీ అయిపోయింది అన్నా,” అన్నాడు అతను, నా వైపు చూసి.

ఇంటికొచ్చి ఆ పేజీ కింద ‘తీరింది’ అని రాసి, వేపాకు తీసేశాను. నా భార్య అన్నం వడ్డిస్తూ అంది: “తప్పయిందని చెప్పింది నీకు. విషం ఉందన్నది నా నోట్లో.”

తెల్లారాక మేముండే గరాచర్మ నుంచి మొదటి బస్సుకే తనూ నాతో మడికి బయల్దేరింది. ఎందుకని నేను అడగలేదు. అతను మడిలో వంగి నురగ ఏరుతున్నాడు. ఆవిడ చెప్పులు విప్పి, నేరుగా అతని గట్టు ఎక్కింది.

“పైరు భలే ఉంది భయ్యా. ఈ చుట్టుపక్కల ఇంత పచ్చగా ఎవరికీ లేదు.”

అతను నడుం ఎత్తి నిలబడి, ఎదురుచూశాడు. ఆవిడ పెదవులు బిగించింది.

“థూ అనవా దీదీ?”

“నా నోట్లో విషం కదా భయ్యా.”

ఆ గట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి నింపాదిగా నడిచి, పైరంతా కళ్లారా చూసి వచ్చింది. అతను చేతిలో నురగతో అలాగే నిలబడ్డాడు. నేను డైరీ తీసి, నిన్న రాసిన ‘తీరింది’ కొట్టేసి, ఈ రోజు తేదీ కింద మళ్లీ రాశాను.